ముఖం కన్నా ముందు కన్ను

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడాదీ మన పాట గురించి, మన భాష గురించి, పోడు పట్టాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం పెద్దలు మమ్మల్ని మా ఇంట్లో జరిగిన ఒక జబ్బు సంగతి చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాదు. ఒక తమ్ముడు, ఒక చెల్లెలు, వదిన, అమ్మ. నలుగురం పొయ్యి దగ్గర కూర్చుని గుర్తు చేసుకుని రాసుకున్నాం. చదివేది ఒకరే అయినా మాట మాత్రం నలుగురిదీ. జబ్బు వచ్చింది మా అన్నకు. ఆయన అనుమతితోనే చెబుతున్నాం.

మా అన్నను ఈ చుట్టుపక్కల చాలామంది ఎరుగుదురు. థింసా ఆడేచోట మోరి వాయించేది ఆయనే. తుడుము, డప్పు, కిరిడి ఎంత మోగినా, మోరి ఎత్తుకుంటేనే వరుసలో ఆడవాళ్ళ అడుగు కదులుతుంది. మోరి వాయించడానికి ఊపిరి ఒక్కటే చాలదు. రెండు పెదాలూ పీకను గట్టిగా పట్టాలి, రెండు బుగ్గలూ గాలిని ఆపాలి. ఇందులో ఒక పక్క పోయినా మోరి పలకదు.

పోయిన ఏడాది ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున అన్న లేచి నోరు పుక్కిలించబోతే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. ముందు రోజు నుంచే ఎడమ చెవి వెనక నొప్పిగా ఉందని అంటున్నాడు, చలికి అనుకున్నాం. వదిన అంబలి పోసి ఇస్తే అదీ గడ్డం మీదికి జారింది. వదిన ముఖంలోకి చూసి బిత్తరపోయింది. మూతి కుడి పక్కకు లాగేసి ఉంది. ఎడమ కన్ను మూతపడటం లేదు. నవ్వబోతే సగం ముఖం నవ్వింది, సగం ముఖం రాయిలా ఉండిపోయింది.

"గాలి సోకినాది" అంది అమ్మ. మనలో ఎవరింట్లోనైనా ముందు వచ్చే మాట అదే. ఆ రోజంతా ఎక్కడికీ కదల్లేదు. సాయంత్రం గురుమాయిని పిలిచాం, కోడిని కోశాం. రెండో రోజు పక్క ఊరి నుంచి ఒకాయన ఆకు పసరు తెచ్చి బుగ్గకు పట్టించాడు. చెవి వెనక వాతలు పెడితే నరం లేస్తుందని ఇంకొకరన్నారు. దానికి వదిన ఒప్పుకోలేదు. మూడో రోజు పొద్దునకు ఎడమ కన్ను ఎర్రబడి మంట పుట్టింది. కన్ను చల్లబడుతుందని అమ్మ మిగిలిన పసరు రెండు చుక్కలు కంట్లో వేసింది. ఈ మాట ఇక్కడ చెప్పమన్నది అమ్మే. "నేను చేసింది ఇంకెవరూ చెయ్యకూడదు, చెప్పండి" అంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆశా కార్యకర్త ఇంటికి రాకపోతే ఏమయ్యేదో. ఆమె కన్ను చూడగానే మంచినీళ్ళతో బాగా కడిగించి, బండి మాట్లాడి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరమ్మ అన్నను అడిగిన మొదటి మాట, "కనుబొమ్మలు పైకెత్తండి." కుడి పక్క నుదురు ముడతలు పడింది. ఎడమ పక్క కదల్లేదు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి పట్టుకోమంది, నడవమంది, నాలుగు మాటలు మాట్లాడించింది, చెవి లోపల దీపం వేసి చూసింది. షుగరు, బీపీ చూసింది. అప్పుడు మాకు చెప్పింది, ఇది పక్షవాతం కాదు, ముఖానికి వెళ్ళే ఒక నరం ఉబ్బి నలిగింది అని.

ఆ నరం సంగతి ఆమె చెప్పిన తీరులోనే మీకూ చెబుతాం. మన ఊళ్ళకు కొండ మీది ఊట నుంచి గొట్టం వేసి నీళ్ళు తెచ్చుకుంటాం కదా. ముఖాన్ని కదిలించే నరం కూడా అలాంటి గొట్టమే. మెదడు దగ్గర బయలుదేరి, చెవి వెనక ఎముకలో ఒక సన్నటి దారి గుండా వచ్చి, నుదురు, కన్ను, బుగ్గ, పెదవి అన్నిటికీ పంచుకుంటుంది. ఆ ఇరుకు దారిలో నరం వాస్తే అక్కడే నలుగుతుంది. అటువైపు సగం ముఖానికంతా సరఫరా ఆగిపోతుంది, నుదుటితో సహా.

పక్షవాతంలో అలా కాదు, దెబ్బ తగిలేది మెదడుకు, అంటే ఊటకు. నుదుటికి మాత్రం మెదడు రెండు వైపుల నుంచీ సరఫరా ఉంటుంది. అందుకని మెదడు ఒక పక్క దెబ్బతింటే సాధారణంగా మూతి వంకర పోతుంది కాని నుదుటి మీద ముడతలు పడుతూనే ఉంటాయి. దానితోపాటు చెయ్యో కాలో పడిపోవచ్చు, మాట ముద్దగా రావచ్చు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నుదురు చూసి ఇదా అదా అని తేల్చుకోవాల్సింది ఇంట్లో మనం కాదు. ఉన్నట్టుండి మూతి వంకర పోతే, ఏ గంట అయినా సరే, 108కి ఫోన్ చేసి బయలుదేరాలి. అది పక్షవాతమే అయితే, రక్తం గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి మొదటి నాలుగున్నర గంటలే సమయం. ఆ గంటల్లో మనం కోడి కోసం వెతుకుతూ ఉంటే మనిషి మంచాన పడతాడు. మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఉన్నారు. ఆ జబ్బున్న పిల్లలకు చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. అలాంటి పిల్లవాడి మూతి వంకర పోతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

అన్నకు వచ్చిన జబ్బును బెల్స్ పాల్సీ అంటారు. స్కాట్లాండ్‌కు చెందిన చార్లెస్ బెల్ అనే డాక్టరు 1821లో ముఖం నరం గురించి వివరించాడు, ఆయన పేరే దానికి పడింది. ఏడాదికి లక్ష మందిలో సుమారు 15 నుంచి 30 మందికి వస్తుందట. ఎందుకు వాస్తుందో ఖాయంగా తెలియదు, నరంలో దాగి ఉన్న వైరస్ లేవడం వల్ల అని చాలామంది డాక్టర్లు అనుకుంటారు. షుగరు ఉన్నవాళ్ళకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ఎక్కువగా వస్తుంది. ఎవరి పాపమూ కాదు, ఎవరి చేతబడీ కాదు. ఈ మాట విన్నాక మా వదిన ఏడ్చింది. అప్పటికి మూడు రోజులుగా ఊళ్ళో "ఇంట్లో ఏదో తప్పు జరిగింది" అనే మాట ఆమె చుట్టూనే తిరుగుతోంది.

ఇప్పుడు పసరు సంగతి. పసరు వేస్తే తగ్గింది, మొక్కు తీరిస్తే తగ్గింది అని చెప్పేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే డాక్టరు ఏ మందూ ఇవ్వకుండా ఈ జబ్బు వచ్చిన 1,701 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2002లో లెక్క ప్రచురించాడు. నూటికి 71 మందికి దానంతట అదే పూర్తిగా నయమైంది. అంటే పది మందికి పసరు వేస్తే ఏడుగురికి తగ్గుతుంది, వెయ్యకపోయినా ఆ ఏడుగురికీ తగ్గుతుంది. అందుకే ఈ జబ్బుకు ఎవరి వైద్యమైనా గొప్పదిగానే కనిపిస్తుంది.

మరి ఆసుపత్రికి ఎందుకు అంటారా? మిగిలిన ముగ్గురి కోసం. ఆ ముగ్గురిలో మనం ఉన్నామో లేమో మొదటి రోజు ఎవరికీ తెలియదు. స్కాట్లాండ్‌లో చేసిన ఒక పరీక్ష 2007లో అచ్చయింది. జబ్బు వచ్చిన 72 గంటల లోపు ప్రెడ్నిసొలోన్ అనే మాత్ర మొదలుపెట్టి పది రోజులు ఇచ్చారు. తొమ్మిది నెలలకు ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 94 మంది పూర్తిగా కోలుకున్నారు. వేసుకోనివాళ్ళలో నూటికి 82 మంది. ఆ మాత్ర ఖరీదైనదీ కాదు. కాని అది షుగరును పెంచుతుంది, టీబీ లాంటి జబ్బు లోపల ఉంటే రేపుతుంది. కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాదు, డాక్టరు చూసి ఇవ్వాల్సింది. మా అన్న ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి 72 గంటలకు కొన్ని గంటలే మిగిలి ఉన్నాయి. రెండు రోజులు మేమే పోగొట్టాం.

ఇక ఇంట్లో మేము ఏం చేశామో చెబుతాం.

అన్నిటికంటే ముందు కన్ను. ముఖం చాలామందికి తిరిగి వస్తుంది, నెల ఆలస్యమైనా వస్తుంది. కన్ను అలా కాదు. రెప్ప మూతపడకపోతే నల్లగుడ్డు ఎండిపోతుంది, పుండు పడుతుంది, మచ్చ మిగులుతుంది, చూపు పోతుంది. మా అన్న నల్లగుడ్డు మీద అప్పటికే గీత పడిందని డాక్టరమ్మ చూపించింది. ముఖం గురించి మూడు రోజులు ఏడ్చిన మేము కన్ను గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

పగలు గంటకో రెండు గంటలకో కన్నీటి చుక్కల మందు వేశాం. మధ్య మధ్య అన్నే వేలి వెనక పక్కతో రెప్పను మెల్లగా కిందికి దించి మూసేవాడు. రాత్రి కంట్లో ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్ప పూర్తిగా మూసుకుందని చూసుకుని, అప్పుడు కాగితం లాంటి మెత్తటి ప్లాస్టరు అంటించేవాళ్ళం. ఉత్త దూది పెట్టి కట్టు కట్టకూడదు. కట్టు కింద కన్ను తెరుచుకుంటే ఆ దూదే గుడ్డును గీరేస్తుంది. బయటికి వెళ్తే కళ్ళద్దాలు. అన్నిటికన్నా కష్టమైంది పొగ. మన ఇళ్ళలో పొయ్యి ఇంటి నడుమే ఉంటుంది కదా. రెండు నెలలు వదిన పొయ్యిని వసారాలోకి మార్చింది. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. పసరు, చనుబాలు, తేనె, ఏదీ కంట్లో వెయ్యకూడదు. గీత పడిన కంట్లో వేస్తే అది పుండుకు విత్తనం చల్లినట్టే.

తిండి రెండో కష్టం. అన్నం ఎడమ బుగ్గలో చిక్కుకుని ఉండిపోయేది, ఆయనకు తెలిసేది కాదు. తెలియకుండా బుగ్గ లోపల కొరుక్కునేవాడు. అందుకని మెత్తగా వండి చిన్న ముద్దలు చేసి కుడి పక్కనే నమలమనేవాళ్ళం. అంబలి చెంచాతో కుడి పక్కనుంచి, ఎడమ పెదవి కొసను వేలితో పట్టుకుని తాగేవాడు. తిన్నాక నోరు పుక్కిలించి, బుగ్గలో వేలు పెట్టి శుభ్రం చేసుకోవాలి. నాలుక ముందు భాగంలో ఆ పక్క రుచి కూడా పోయింది. చింతపండు పులుసు మట్టిలా ఉందని విసుక్కుంటే మొదట్లో వదిన మనసు కష్టపెట్టుకుంది. నరంతోపాటు రుచీ పోతుందని తెలిశాక మేమందరం ఊరుకున్నాం.

చెవికీ అదే నరంతో పని ఉంది. పెద్ద శబ్దాన్ని తగ్గించి లోపలికి పంపే చిన్న కండరం ఒకటి చెవిలో ఉంటుందట, అదీ పట్టు తప్పింది. తుడుము మోగితే అన్న చెవి మూసుకునేవాడు. పుట్టినప్పటి నుంచి తుడుము పక్కన పెరిగిన మనిషి అలా చెవి మూసుకోవడం చూసి తట్టుకోలేకపోయాం.

మాట కూడా జారేది. పెదాలు కలిస్తే గాని పలకని మాటలు, మామ, బావ, పాప, గాలితో కలిసి వచ్చేవి. మోరి అనే మాటే సరిగా పలికేది కాదు.

మూడోది, బలవంతం చెయ్యకపోవడం. పదో రోజు నుంచి అన్న రాత్రిళ్ళు పశువుల పాక వెనక్కి వెళ్ళి మోరి ఊదడానికి తంటాలు పడేవాడు. గాలి పెదవి పక్కనుంచి బుస్సుమని పోయేది. ఫిజియోథెరపీ చెప్పే ఆయన అది మానెయ్యమన్నాడు. గట్టిగా లాగితే బాగున్న పక్కే ఇంకా లాగుతుంది, కొత్తగా మొలిచే నరం తప్పుదారి పడితే ఒకటి కదిలించబోతే ఇంకొకటి కదులుతుంది అని చెప్పాడు. అద్దం ముందు కూర్చుని రోజుకు రెండు మూడు సార్లు, ఐదు పది నిమిషాలు, చిన్నగా చెయ్యమన్నాడు. కనుబొమ్మ ఎత్తడం, కన్ను మెల్లగా మూయడం, ముక్కు చిట్లించడం, పళ్ళు కనబడకుండా నవ్వడం. కదలని పక్కకు వేలితో ఆసరా ఇవ్వడం. బుగ్గను కింది నుంచి పైకి మెత్తగా రాయడం. కరెంటు పెడితే త్వరగా తగ్గుతుందని ఒకచోట చెప్పారు, డాక్టరమ్మను అడిగితే దానికి గట్టి రుజువు లేదంది, డబ్బు మిగిలింది.

నాలుగోది సిగ్గు. దీనికి మందు లేదు. అన్న తువ్వాలు ముఖానికి చుట్టుకోకుండా గడప దాటలేదు. సంతకు మానేశాడు. ఒక పిల్లవాడు వంకర మూతి పెట్టి చూపించి నవ్వాడు. కెనడా దేశానికి పదేళ్ళు ప్రధానిగా చేసిన జాన్ క్రెటియెన్‌కు చిన్నప్పుడు ఇదే జబ్బు వచ్చి మూతి ఒక పక్కకు వంకరగానే ఉండిపోయింది. 1993 ఎన్నికల్లో ఎదుటి పార్టీ ఆయన ముఖాన్ని ఎగతాళి చేస్తున్నట్టు ప్రకటన వేస్తే జనం వాళ్ళనే ఛీకొట్టారు, ఆయనే గెలిచాడు. ఈ సంగతి చెల్లెలు చెబితే అన్న, "ఆయన మోరి వాయించాలా ఏటి?" అన్నాడు. నిజమే. అన్న భయం అందం గురించి కాదు.

ఆరు వారాలైనా పెదవి కదల్లేదు. ఇటుకల పండుగ వచ్చేసింది. పండుగకు మోరి ఎవరు వాయిస్తారు? పక్క ఊరి నుంచి మనిషిని పిలుద్దామని బృందంలో ఒకరన్నారు. తప్పేమీ లేదు, పండుగ ఆగదు. కాని అన్న ముఖం మీద ఆ మాట పడిన తీరు చూసి తుడుము వాయించే మా బావ ఒక పని చేశాడు. మా పదిహేనేళ్ళ మేనల్లుడి చేతికి మోరి ఇచ్చి, "మామ పక్కన కూర్చో, మామ ఏ వేలు ఎత్తితే నువ్వూ ఆ వేలు ఎత్తు" అన్నాడు. అన్న తువ్వాలు తీసేసి, చెవుల్లో దూది పెట్టుకుని, మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. పిల్లవాడు చూస్తూ వాయించాడు. చాలాచోట్ల తప్పింది. అయినా వరుస తెగలేదు.

ఆ తర్వాత వారానికి ఎడమ పెదవి కొస ఒక్కసారి అదిరింది. మొదట చూసింది అమ్మ. కన్ను పూర్తిగా మూతపడటానికి మూడు నెలలు, మోరి నుంచి నిలకడగా స్వరం రావడానికి ఆరు నెలలు పట్టింది. ఈ ఏడాది ఇటుకల పండుగకు అన్న తనే వాయించాడు, మేనల్లుడు పక్కన రెండో మోరి పట్టాడు. అన్నకు నూటికి నూరు పాళ్ళు నయం కాలేదు. పెదాలు బిగించి ఊదితే ఎడమ కన్ను దానంతట అది సగం మూసుకుంటుంది. నరం ఒక కొమ్మ దారి తప్పి మొలిచింది. కాని ఆ కంటికి చూపు ఉంది.

మేము మళ్ళీ గురుమాయి దగ్గరికి వెళ్ళాం, తగువుకు కాదు. జరిగిందంతా చెప్పాం. ఆమె చాలాసేపు విని, "మూతి వంకర పోయినవాళ్ళు వస్తే ముందు ఆసుపత్రికి పోయి రమ్మంటాను, మొక్కు తర్వాత చూద్దాం" అంది. మన నమ్మకం మనకు ఉండనివ్వండి. మొక్కు నెల తర్వాత తీర్చినా దేవుడు అలగడు, నరం మాత్రం 72 గంటలే ఆగుతుంది.

సంఘానికి మా విన్నపం ఒక్కటే. కింది మాటలు మన ఊరూరా, మన మన భాషల్లో చెప్పించండి.

ఉన్నట్టుండి మూతి వంకర పోతే అదే గంటలో 108. బండి రాని ఊరైతే ఫీడర్ అంబులెన్సు, అదీ లేకపోతే డోలీ, ఏదో ఒకటి కట్టి బయలుదేరండి. కంట్లో ఏదీ వెయ్యకండి, చెవి వెనక వాతలు పెట్టకండి. చెవిలో పొక్కులు, చెవి చీము, రెండు పక్కలా వంకర, వారాల తరబడి మెల్లగా ముదిరే వంకర, చర్మం మీద స్పర్శ లేని మచ్చలు, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అవి వేరే జబ్బులకు గుర్తులు కావచ్చు. స్పర్శ లేని మచ్చ కుష్ఠుది కావచ్చు, దానికి మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. మూడు నాలుగు నెలలైనా కదలిక రాకపోతే ఊరుకోకుండా మళ్ళీ చూపించుకోండి. ఇంటికి వచ్చాక మొదట కన్ను చూసుకోండి, ఆ తర్వాతే అద్దం. ఆ మనిషిని ఇంట్లో దాచకండి. పండుగలో తన చోటు తనకు ఉంచండి.

మా మాట అయిపోయింది. ఇప్పుడు థింసా ఉంది. మోరి పట్టుకుని ఆ మూల నిలబడ్డది మా అన్నే. ఊదేటప్పుడు ఎడమ కన్ను మూసుకుంటే మీకేదో సైగ చేస్తున్నాడనుకోకండి. రండి, వరుసలో కలవండి.